యాడ నీళ్లప్పా!

కుప్పం అవతల ఒక బీడులో సర్వే మిషను స్టాండు మడుస్తుంటే ఫోను మోగింది.

"సార్, మా వదిన పోయింది. రేపు పొద్దున పది గంటలకు మట్టి సేస్తాండాము. నీకు సెప్పమని సెప్పి పోయింది."

ఎవరయ్యా నువ్వు, ఏ వదిన అని అడగలేదు. పుంగనూరు నుంచి పెద్దపంజాణి పోయే దారిలో ఉన్న ఊళ్లలో, చచ్చిపోతూ నాకు కబురు చేయించే మనిషి ఒక్కతే ఉంది. నిజానికి ఆమె నన్ను శాపనార్థాలు పెట్టాలి. నా పేరు వింటే ఉమ్మేయాలి. అట్లాంటిది, నాకు చెప్పమని చెప్పి పోయిందట. ఆ బీడులోనే కూలబడ్డాను. ఏమైంది సార్ అని మా వాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఎండ అన్నాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. నలుగురి నోళ్లలో పేరు నానితే దిష్టి తగులుతుందని ఆమె భయం. పేరు ఒక్కటే కాదు, తనకున్న ఏ మంచినీ ఆమె ఒప్పుకునేది కాదు. ఉంది అని నోటితో అంటే ఉన్నది కాస్తా పోతుందని ఆమె గట్టి నమ్మకం. యాభై అయిదేళ్ల మనిషి, సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ కొంగు నడుముకు దోపుకొని ఉండేది. ఏది అడిగినా ముందు చెయ్యి అడ్డంగా ఊపేది, మాట ఆ తర్వాత వచ్చేది. ఆ మాట ఎప్పుడూ ఒకటే. యాడ పాలప్పా, యాడ పంటప్పా, యాడ నిద్రప్పా.

ఒక సాయంత్రం కొట్టం దగ్గరికి పోయేసరికి ఆవు పాలు పితుకుతోంది. బిందె నిండి నురగ అంచు దాటి కారుతోంది. "ఎన్ని లీటర్లు ఇస్తుందమ్మా?" అని అడిగాను. చప్పున కొంగు లాగి బిందె మీద కప్పేసింది. "యాడ పాలప్పా! దూడకే సాలక అల్లాడతాండాము" అంది. ఆ దూడ కడుపు నిండా తాగి, మూతికి నురగ పూసుకొని, నా ప్యాంటు నాకుతోంది. నేను దూడ వంకా ఆమె వంకా చూసి నవ్వాను. ఆమె మాత్రం నవ్వలేదు.

మా అమ్మాయికి మదనపల్లె స్కూల్లో ఫస్టు ర్యాంకు వచ్చినప్పుడు మైసూర్‌పాక్ పొట్లం పట్టుకుపోయాను. "ఏం సదువులేప్పా. ఏదో సదవతాండాది" అని తీసిపారేసింది. నాకు ఒళ్లు మండింది. మైసూర్‌పాక్ వెనక్కి లాక్కోవాలన్నంత కోపం వచ్చింది. బండి స్టార్టు చేస్తుంటే దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా, "ఊర్లో ఇంకెవురికీ సెప్పగాకప్పా, ఆడబిడ్డ" అంది. అప్పుడు తెలిసింది, ఆమె నా బిడ్డను తక్కువ చేయలేదు, కొంగు కింద దాచింది.

వాళ్లది క్రైస్తవ కుటుంబం. మిషను బడిలో అయిదో క్లాసు దాకా చదివింది. దిష్టి లేదు గిష్టి లేదని పాస్టరుగారు ఎన్నిసార్లు చెప్పినా, "లేదయ్యా, నేనూ లేదనే గదా అంటాండాను" అనేది. ఆదివారం గుడిలో ఒక్కొక్కరు లేచి, దేవుడు నాకు ఈ మేలు చేశాడు, ఆ మేలు చేశాడు అని సాక్ష్యం చెబుతారు. ఈమె వంతు వచ్చేసరికి లేచి నిలబడి, "ప్రభువు నాకు ఏం తక్కువ సెయ్యలే" అని కూర్చునేది. ఏం చేశాడో కూడా చెప్పమ్మా అని పాస్టరుగారు అడిగితే, "ఆయనకి తెల్సు, నాకు తెల్సు. ఊరికి యాలయ్యా?" అనేది. గుడంతా నవ్వేది.

ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి. ముందే తెలిసి ఉంటే ఈ కథ వేరేగా నడిచేది అని నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను. అది కూడా అబద్ధమే. నాది వాల్మీకిపురం. మా నాయనమ్మ కూడా అంతే, పెరట్లో గుమ్మడికాయ కనిపిస్తే ఆకు కప్పేది. నాకు తెలియకపోవడం ఏమిటి, నా మొహం!

నా పని హైటెన్షన్ లైన్లకు దారి వెతకడం. మదనపల్లె వైపు నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా ఒక పెద్ద లైను వేయాలని అనుకున్నారు. ఊళ్లు తప్పించి, చెరువులు తప్పించి, ఎక్కడ తిన్నగా పోవాలి, ఎక్కడ మలుపు తిరగాలి అని నేలంతా నడిచి చూడాలి. దారిలో వచ్చే ప్రతి చేనులో ఏముందో ఫారంలో రాసుకోవాలి. ఇల్లు ఉంటే తప్పించాలి, గుడి ఉంటే తప్పించాలి, సమాధి ఉంటే తప్పించాలి. నీళ్లున్న బోరు ఉంటే టవరును పక్కకు జరపాలి. ఎండిన బోరు మాత్రం లెక్కలోకి రాదు. ఎండిన బోరు అంటే నేలలో ఒక బొక్క, అంతే.

ఆమె పై కయ్యలోకి నేను అడుగుపెట్టింది చలికాలం మొదట్లో, మిట్టమధ్యాహ్నం. అప్పటికే పొద్దుటి నుంచి పది చేలు తిరిగి ఉన్నాను. ఆ కయ్య దున్ని వదిలేసి ఉంది. మూలన ఒక బోరు. దాని నెత్తిన చిరిగిన గోతాం, గోతాం మీద తుమ్మకంప, పక్క గుంజకు ఒక పాత చెప్పు వేలాడుతోంది. ఆమె ఎక్కడి నుంచో పరుగున వచ్చి నాకూ బోరుకూ మధ్య నిలబడింది.

"ఈ బోరు ఆడుతోందామ్మా? నీళ్లున్నాయా?"

చెయ్యి అడ్డంగా ఊపింది. "యాడ నీళ్లప్పా! ఎప్పుడో ఎండిపాయ."

"మరి కింద కయ్యలో టమోటా పచ్చగా ఉందే?"

"అదా? మా మరిది బోరు నీళ్లు. అడుక్కోని కట్టుకుంటాండా."

ఎండిన బోరు - ఒకటి అని రాసి, రాసింది చదివి వినిపించాను. ఆమె మొహం విప్పారింది. "అట్లనే రాసుకోప్పా. బాగా రాసుకో" అని, ఫారం మీద ఒక్కొక్క అక్షరం దిద్దినట్టు సంతకం పెట్టింది. లోపలికి పోయి చెంబెడు మజ్జిగ తెచ్చింది. నేను గటగటా తాగేశాను.

ఎండిన బోరుకు ఎవరైనా చెప్పు కడతారా? పచ్చగా కాసే చెట్టుకు కడతారు, పాలిచ్చే ఆవు కొట్టానికి కడతారు. ఆ చెప్పు నా కళ్ల ముందే ఊగుతోంది. నేను చూశాను కూడా. చూసి, ఇంకా నాలుగు చేలు మిగిలున్నాయని, అన్నం వేళ దాటిపోతోందని, ఆమె చెప్పిందే రాసుకొని వచ్చేశాను. నా బుద్ధి గడ్డి తిన్నది.

ఆ తర్వాత రెండు నెలలు ఆ చుట్టుపక్కలే పని. వచ్చినప్పుడల్లా మజ్జిగకు ఆమె ఇంటి దగ్గర ఆగేవాణ్ణి. ఆవులూ, దూడా, మైసూర్‌పాకూ అన్నీ అప్పటివే. పొద్దున్నే ఆమె పై కయ్యకు పోయి, బోరు గొట్టం మీద చెవి ఆనించి, కళ్లు మూసుకొని వినేదని వాళ్ల మరిది ఒకసారి చెప్పాడు. ఏం వినిందో ఎవరికీ చెప్పేది కాదట. ముందు మూడు బోర్లు వేస్తే మూడూ దుమ్మే లేచిందనీ, వాళ్లాయన ఆ దిగులుతోనే మంచం పట్టి పోయాడనీ చెప్పాడు. నాలుగోది ఏమైంది అని నేను అడగలేదు. అతనూ చెప్పలేదు. అతనికి చెప్పొద్దని ఒట్టు ఉందని తర్వాత తెలిసింది.

టవర్ల జాబితా ఖాయమైంది. సంక్రాంతి దాటిన వారానికి, టవరు కాళ్లు వచ్చే చోట రాళ్లు పాతి, వాటికి తెల్లరంగు పూయడానికి వెళ్లాను. ఆమె పై కయ్యలో మలుపు టవరు వచ్చింది. లైను అక్కడి నుంచి కుప్పం వైపు తిరుగుతుంది. నాలుగు రాళ్లు పాతి చూస్తే బోరు సరిగ్గా ఒక కాలి కింద ఉంది.

ఆమె వచ్చి నిలబడింది. నా చేతిలో బ్రష్షు చూసింది, రాళ్లు చూసింది.

"ఇదేందప్పా?"

"టవరమ్మా. మిగతా కయ్య నీకే ఉంటుందిలే. ఎండిన బోరే కదా, దాని మీద కాలు దింపినా నష్టం లేదు."

ఆమె అలాగే మట్టిలో కూర్చుండిపోయింది. నన్ను దగ్గరికి రమ్మని చెయ్యి ఊపింది. వంగితే నా చెవి దగ్గర నోరు పెట్టి, దొంగసొమ్ము దాచిన చోటు చెప్పినట్టు చెప్పింది.

"నీళ్లు ఉండాయప్పా."

బ్రష్షు చేతిలోంచి జారిపోయింది.

అప్పటి నుంచి మొదలైంది ఆ తిరుగుడు. నా ఫారం తప్పని నేనే నా చేత్తో అర్జీ రాశాను. లైను కాంట్రాక్టు కంపెనీకి పుంగనూరులో ఒక ఆఫీసు, మదనపల్లెలో ఒకటి, కుప్పంలో క్యాంపు ఒకటి. మూడు చోట్లా ఆమెను బండి మీద కూర్చోబెట్టుకొని తిరిగాను. నా పై మేనేజరు నన్ను చెడామడా తిట్టాడు. "రాసింది నువ్వు, సంతకం పెట్టింది ఆమె. ఇప్పుడు నీళ్లెక్కడి నుంచి ఊరినాయి? మలుపు టవరు జరపాలంటే అటు రెండు, ఇటు రెండు జరపాలి, తెలుసా?" అన్నాడు. తెలుసు. నాకు కాక ఇంకెవరికి తెలుసు?

ఆఫీసుల్లో ఆమెకు వచ్చిన కష్టం వేరు. అక్కడ అడిగింది ఒక్కటే, మీ బోరులో నీళ్లున్నాయా? మొదటిసారి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏదో గొణిగింది. టేబులు వెనకాల కూర్చున్న మనిషి, "గట్టిగా చెప్పమ్మా, తినేస్తామా?" అని కసిరాడు. ఆమె నా వంక చూసింది. చెప్పమ్మా, చెప్పకపోతే బోరు పోతుంది అన్నాను. "ఉండాయి సార్" అంది. ఆ రెండు ముక్కలు అనేసరికి చెమటలు పట్టాయి ఆమెకు. బయటికి రాగానే చెంపలు వేసుకుంది. ఇంటికి పోయి గుంజకు ఇంకో చెప్పు కట్టింది.

ఇట్లా ఎక్కడ చెబితే అక్కడికి ఒక చెప్పు. కుప్పం క్యాంపులో ఒకే రోజు ముగ్గురి ముందు చెప్పాల్సి వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు పుంగనూరులో బండి ఆపితే టీ కూడా తాగలేదు. "నా నోటితో నేనే తీసేసుకుంటాండానేమోప్పా" అంది. "అదేం మాటమ్మా, నిజం చెబితే నీళ్లు పోతాయా?" అన్నాను. అప్పటికి గుంజ నిండా చెప్పులే.

చివరికి ఒప్పుకున్నారు. ఇంజనీరు వచ్చి స్వయంగా చూస్తాడు, మోటరు వేసి నీళ్లు వస్తే టవరు జరుపుతారు, రాకపోతే లేదు. మాఘమాసంలో వస్తామన్నారు, రాలేదు. ఉగాది తర్వాత అన్నారు. ఆ తర్వాత జీపు లేదన్నారు. వాయిదా పడిన ప్రతిసారీ ఆమె ఫోను చేసేది. "వస్తాండారా అప్పా? బిన్నా రమ్మనప్పా." త్వరగా పంపమని నేను ఆఫీసులో కాళ్లావేళ్లా పడేవాణ్ణి. తీరా వచ్చేసరికి మే నెల నడుస్తోంది. గుట్టలు కూడా కాలిపోతున్న ఎండ.

ఆ రోజు ఊరంతా పై కయ్యలో ఉంది. పదకొండు గంటలకు త్రీఫేజు కరెంటు వచ్చింది. ఇంజనీరు గొడుగు కింద నిలబడి, "చెప్పమ్మా, అందరి ముందు చెప్పు. బోరు ఎట్లా ఉంది?" అన్నాడు.

ఆమె దోపుకున్న కొంగు విప్పి తల మీద కప్పుకుంది. గుడిలో సాక్ష్యానికి లేచినట్టే నిటారుగా నిలబడింది. ఈసారి కూర్చోలేదు.

"ఇది నా నాలుగో బోరు. మూడు పోయినాయి. దీంట్లో ప్రభువు నాకు నీళ్లు ఇచ్చినాడు. రెండించుల నీళ్లు. ఎండాకాలం గూడా ఆగలే. నేను ఇన్నాళ్లూ అబద్ధం సెప్పినాను. నా బోరులో నీళ్లు ఉండాయి."

ఆడవాళ్లు కొందరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆమె నోట ఉంది అన్న మాట వాళ్లెవరూ ఎప్పుడూ విని ఉండరు. ఆమె మరిది మీట నొక్కాడు.

నీళ్లు వచ్చాయి. గొట్టం నిండా వచ్చాయి. నేను గట్టిగా కేక పెట్టాను, సిగ్గు లేకుండా చేతులు కూడా ఊపాను. కయ్యలో కాలువ కట్టి పారాయి. నేను ఆమె వంక చూశాను. ఆమె నీళ్ల వంక చూడటం లేదు, గొట్టం వైపు చెవి పెట్టి వింటోంది. నాకంటే ముందు ఆమెకే తెలిసింది. ధార సన్నబడింది, ఎర్రబడింది. గొట్టం రెండుసార్లు దగ్గింది. ఆ తర్వాత గాలి మాత్రమే వచ్చింది.

అరగంట ఆగి మళ్లీ వేశారు. చెంబెడు వచ్చి ఆగిపోయింది. ఇంజనీరు చెడ్డవాడేం కాదు, నిజంగానే బాధపడ్డాడు. కానీ కాగితం మీద రాసింది మాత్రం నేను రాసిందే. ఎండిన బోరు.

జీపు పోయాక ఆమె నా దగ్గరికి వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను.

"సెప్పేస్తిని గదప్పా" అంది.

"మే నెలమ్మా! ఈ నెలలో ఏ బోరైనా దిగుతుంది! మాఘంలోనే వచ్చి ఉంటే..."

"నువ్వు నెలలు లెక్క పెడతాండావు. నేను సెప్పినాను, పాయ. అంతే."

అప్పుడు నేను అరిచాను. నిజం, ఆ మనిషి మీద అరిచాను. "దిష్టి లేదు, నీ తలకాయ లేదు! ఆ దిక్కుమాలిన భయంతోనే మొదట అబద్ధం చెప్పావు. అందుకే వచ్చింది ఇదంతా!" అన్నాను. ఆమె తల ఊపింది. "అవునప్పా" అంది. గుంజ దగ్గరికి పోయి చెప్పులన్నీ ఒక్కొక్కటిగా విప్పుకుంది. అంత మాట అన్నందుకు నా నాలుక ఎందుకు తెగిపోలేదా అని ఇప్పటికీ అనుకుంటాను.

శ్రావణంలో బాగా వానలు పడ్డాయి. పునాది గుంటలు తవ్వుతున్నారని తెలిసి వెళ్లాను. వెళ్లాల్సిన పని లేదు, కాళ్లు ఆగక వెళ్లాను. మోటరు, గొట్టాలు పైకి లాగేసి గట్టున పడేశారు. కాంక్రీటు కలిపే మిషను తిరుగుతోంది. ఆమె బోరు అంచున గొంతుక్కూర్చుని ఉంది. నన్ను చూసి, రమ్మని సైగ చేసింది. చిన్న గులకరాయి తీసి బోరులోకి వదిలింది.

ఇద్దరం చెవులు పెట్టి విన్నాం. ఎంతో సేపు పట్టలేదు. గుభుక్కుమంది. పైనే ఉన్నాయి నీళ్లు, మే నెలలో కంటే ఎంతో పైన.

నేను లేచి మేస్త్రీ వైపు పరిగెత్తాను. "ఆపండి! నీళ్లున్నాయి! ఈ బోరులో నీళ్లున్నాయి!" అని అరిచాను. మిషను ఆగింది. పనివాళ్లందరూ తిరిగి చూశారు. ఆఫీసుకు ఫోను చేశాను. ఫైలు మూసేశాం, నీకేమైనా పిచ్చా అని పెట్టేశారు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. మళ్లీ అరవబోతే ఆమె వెనక నుంచి వచ్చి నా నోరు మూసింది. పేడ వాసన వేస్తున్న చెయ్యి. ఎంత గట్టిగా మూసిందంటే నా పెదవి పంటికి తెగింది.

మేస్త్రీ దిక్కుతోచక, "ఏమ్మా, నిజంగా నీళ్లు ఉండాయా?" అని ఆమెనే అడిగాడు.

ఆమె రెండో చెయ్యి అడ్డంగా ఊపింది.

"యాడ నీళ్లప్పా! ఎప్పుడో ఎండిపాయ. మీ పని మీరు సూసుకోండి."

తర్వాత నా నోటి మీద చెయ్యి తీసి, నాకు మాత్రమే వినపడేట్టు, "అరవగాకప్పా. వాళ్లు మూసినా లోపల ఆడనే ఉంటాయి గదా. ఉన్నేటివి గూడా పోగొట్టగాక" అంది. మిషను మళ్లీ తిరిగింది.

ఆ తర్వాత ఆమె ఆవుల్ని అమ్మేసి, ఊళ్లో వాళ్ల టమోటా చేలకు కూలికి పోయింది. నేను ఎదురుపడటానికి మొహం చెల్లక ఆ దారి మానేశాను. లైను లేచింది. కరెంటు పోతోంది. మదనపల్లె నుంచి కుప్పం పోయే వాళ్లు బస్సు కిటికీలోంచి చూస్తే ఆ మలుపు టవరు కనిపిస్తుంది.

మట్టి చేసే రోజు వెళ్లాను. ప్రార్థన అయ్యాక పాస్టరుగారు, ఆమె గురించి ఎవరైనా నాలుగు మంచి మాటలు చెప్పండి అన్నారు. ఎవరూ కదలలేదు. వాళ్ల మరిది నన్ను ముందుకు తోశాడు. చెప్పాలంటే చాలా ఉంది. ఇంత రాశాను కదా, ఇదంతా అక్కడే చెప్పొచ్చు. గుంట దగ్గర నిలబడి పెట్టె వంక చూశాను. నా చెయ్యి దానంతట అదే అడ్డంగా ఊగింది.

"ఏం మనిషిలేప్పా" అన్నాను. "ఏదో ఉండె."

పాస్టరుగారు తెల్లబోయారు. పట్నం నుంచి వచ్చిన చుట్టాలు నన్ను కొట్టేట్టు చూశారు. వెనక నిలబడ్డ ఆ ఊరి ఆడవాళ్లు మాత్రం ఒక్కసారిగా బావురుమన్నారు.